ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి కింది గదిలో భోజనాలు జరుగుతుండగా లురీన్ కూంబ్స్ చేసింది ఒకే ఒక్క చిన్న పని. సంచిలోంచి నీలం గాజు గిన్నె తీసి, దాని సొంతదారు టెస్ కాడిల్‌కి తిరిగి ఇచ్చింది. గిన్నె తళతళలాడేట్టు తోమి ఉంది. మూత సరిగ్గా కూర్చుంది. అడుగున అంటించిన టేపు ముక్క మీద టెస్ పేరు చెరగకుండా ఉంది. లోపల మాత్రం ఏమీ లేదు.

"నువ్వు దీంట్లో పంపిన డంప్లింగుల పులుసే నన్ను మంచం మీంచి లేపింది అమ్మాయ్," అంది లురీన్. జ్వరానికి పోయిన గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

టెస్ రెండు చేతులా అందుకుంది. బరువుంటుందనుకుని పట్టుకుందేమో, చేతులు కాస్త పైకి లేచాయి. ఆ తర్వాత నవ్వింది. "మీరు లేచి తిరుగుతున్నారు మిస్ లురీన్. నాకదే చాలు," అంది.

పక్కన చిక్కుడు గింజలు వడ్డిస్తున్న గరిటె ఆగింది. కాఫీ పోస్తున్న ఆవిడ కప్పు నిండిందని కూడా చూసుకోలేదు. ఆ బొగ్గు గనుల కొండల్లో ఎవరి గిన్నైనా సరే ఖాళీగా వెనక్కి వెళ్లదు. చావింటికి వెళ్లిన గిన్నె కూడా, ఏడుపులు సద్దుమణిగాక, ఏదో ఒకటి నింపుకునే ఇల్లు చేరుతుంది. ఏమీ లేనివాళ్లు తోటలో ఒక టమాటా కోసి అందులో వేస్తారు. లురీన్‌కి ఇది తెలియక కాదు. మిస్ లురీన్ అని పిలిచే ఆ ఊరి పిల్లలకి ఆ మర్యాదలన్నీ నేర్పిందే ఆవిడ. కానీ పొయ్యి దగ్గర నిలబడితే మోకాళ్లు వణుకుతున్నాయి. గిన్నె ముందు ఇచ్చేసి, వచ్చే వారం పళ్లతో కాబ్లర్ అనే తీపి వంటకం చేసి పంపుదామనుకుంది. అంతకు మించి ఆవిడ మనసులో ఏమీ లేదు.

ఆ ముక్క అక్కడే నోరు తెరిచి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పబోయింది కూడా. ఈలోగా చెల్లెలు వీటా వచ్చి మోచెయ్యి పట్టుకుని తన బల్ల దగ్గరికి లాక్కెళ్లింది. కోడిపుంజుల బొమ్మలున్న పసుపు పింగాణీ గిన్నెలో చిక్కుడు గింజల పులుసు పొగలు కక్కుతోంది.

"నా పెళ్లికి నువ్విచ్చిన గిన్నె. ఒక్క బీట పడిందేమో చూడు," అంది వీటా గర్వంగా. "నా మొగుడికి రెండు పళ్లు ఊడాయి గానీ దీనికి పెచ్చయినా ఊడలేదు."

అందరూ నవ్వారు. గరిటె మళ్లీ కదిలింది. లురీన్ అటు తిరిగి చూస్తే టెస్ కోటు వేసుకుని, నీలం గిన్నె చంకలో పెట్టుకుని మెట్లెక్కుతోంది. భోజనం చేయలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు కారు వీటాయే నడిపింది. వంతెన దాటాక అంది: "మంచి పని చేశావే. నోరు విప్పకుండానే చెప్పావు."

"ఏం చెప్పాను?"

"నంగనాచి వేషాలు నా దగ్గర వద్దు. గురువారం నీ ఓటు ఎటో అందరికీ తెలిసిపోయింది. బోర్డు పెద్ద హోబర్ట్ భార్య అయితే సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకుంది."

లురీన్ సీటులో నిటారుగా లేచి కూర్చుంది. స్కూలు బోర్డులో ఉన్నది అయిదుగురు. బయాలజీ క్లాసులో పరిణామం పాఠం చెప్పే ముందు, దానికి సమానంగా బైబిలులోని సృష్టి పాఠం కూడా చెప్పి తీరాలనే తీర్మానం మీద గురువారం ఓటు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. అయిదో మనిషి జ్వరంతో మంచమెక్కి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ అయిదో మనిషి తనే. బయాలజీ చెప్పేది టెస్. సైన్సు గదిలో ఆ పాఠం తను చెప్పనని బోర్డు మొహం మీదే చెప్పేసిన టెస్.

"జ్వరం వల్ల ఏమీ వండలేకపోయానే వీటా."

"సరేలే, అలాగే అనుకో." వీటా కన్ను గీటింది. "అలా అంటేనే ఇంకా బాగుంటుంది."

 నిజానికి లురీన్‌కి కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఇన్ని రోజులుగా ఎటు చెయ్యెత్తాలో తేలక నలుగుతున్న మనిషి. ఊరే తేల్చేసింది కదా, ఇక నాకేం అన్నట్టు సీటులో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

సోమవారం మధ్యాహ్నం హోబర్ట్ స్లోన్ వచ్చాడు. బోర్డుకి అధ్యక్షుడు, చర్చికి పెద్ద, రోడ్డు మలుపులో పనిముట్ల దుకాణం ఆయనదే. వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్లని మనిషి. పొగబెట్టిన పంది తొడ ఒకటి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు గనిలో లురీన్ భర్త వర్జిల్‌తో ఒకే జట్టు. వర్జిల్‌ని గనిలోంచి బయటికి మోసుకొచ్చిన రోజున స్ట్రెచరు ముందు వైపు పట్టుకున్నది ఈయనే. అప్పటి నుంచీ చలికాలం మొదలయ్యే ముందు లురీన్ ఇంటి పొగగొట్టం ఎవరూ అడగకుండా ఆయనే శుభ్రం చేసి వెళతాడు.

"నిన్ను ఒత్తిడి చేయడానికి రాలేదు సిస్టర్ లురీన్. అవసరం లేదని ఆదివారమే తెలిసింది," అన్నాడు నెమ్మదిగా. "పుస్తకం ఒకసారి చూస్తావని తెచ్చాను. పిల్లలకి ఇచ్చేది ఇదే."

"హోబర్ట్, ఆ గిన్నె సంగతి..."

"తెలుసు, తెలుసు. నీకెంత కష్టంగా ఉండి ఉంటుందో నాకు తెలుసు. టెస్ నీ చేతుల్లో పెరిగిన పిల్ల. మాకెవరికీ ఆ అమ్మాయి మీద కోపం లేదు. రోజూ ప్రార్థన చేస్తున్నాం."

ఇంత మెత్తగా మాట్లాడే మనిషి ముందు మాట ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి? లురీన్ పుస్తకం తీసుకుంది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. బైబిలు మొదట్లోని ఆదికాండం మాటలు కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. ఆ మాటలంటే ఆవిడకి ప్రాణం. ఎన్నో ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకి దేవుడు లోకాన్ని చేసిన ఆ ఆరు రోజుల కథ చెబుతోంది. బూడిదరంగు ఉన్ని గుడ్డ పరిచిన బోర్డు మీద మొదట చీకటి, తర్వాత గుడ్డతో కత్తిరించిన సూర్యుడు, తర్వాత చేపలు ఒక్కొక్కటే అంటిస్తుంటే పిల్లలు ఊపిరి బిగపట్టి చూస్తారు. అందులో ప్రతి మాటా ఆవిడ నమ్ముతుంది.

పేజీ తిప్పింది. ఒక ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది. బొగ్గు పొరల మధ్య నిట్టనిలువుగా నిలబడి ఉన్న రాతి చెట్టు మొదలు.

"ఇది కెటిల్ బాటమ్ కదూ?"

"అదే. రోజూ మా నెత్తి మీద ఉండేవి. ఒక్కసారిగా ముంచేసిన జలప్రళయం కాకపోతే చెట్టు ఇలా నిలువునా ఎలా పూడిపోతుంది? ఇంత సాక్ష్యం కళ్లెదురుగా పెట్టుకుని మాకు తట్టనే లేదు చూడు."

గనివాళ్ల ఇళ్లల్లో ఆ మాట గట్టిగా అనరు. గని కప్పులో ఇరుక్కుపోయి రాయిగా మారిన చెట్టు మొదలు అది. కింద నుంచి చూస్తే గుండ్రంగా, కెటిల్ అడుగులా కనిపిస్తుంది. చుట్టూ నున్నటి బొగ్గు తొడుగు ఉంటుంది గనక దేన్నీ పట్టుకుని ఉండదు. పెళపెళమనదు, మట్టి రాల్చదు. జారుతుంది, అంతే. వర్జిల్ మీద జారింది.

హోబర్ట్ మొహం కందిపోయింది. టోపీ అంచు వేళ్లతో తిప్పాడు. "ఆ బొమ్మ గురించి నేను ఆలోచించలేదు లురీన్. క్షమించు," అన్నాడు. మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. పుస్తకం మాత్రం బల్ల మీదే ఉంచి వెళ్లాడు.

మంగళవారం లురీన్ తనే బండి నడుపుకుంటూ హైస్కూలుకి వెళ్లింది. బోర్డువాళ్లు క్లాసులు చూడటానికి రావడం మామూలే. వెనక బెంచీలో కూర్చుంది. కూర్చోగానే పిల్లలు వరసగా వెనక్కి తిరిగి చేతులూపారు. సగం మంది ఆవిడ ఉన్ని గుడ్డ బోర్డు ముందు కూర్చుని ఎదిగినవాళ్లే.

బల్లల మీద పాత వార్తాపత్రికలు పరిచి, వాటి మీద నల్లటి పలకరాళ్లు పెట్టారు. రాయిని నిలబెట్టి, పొర కనిపించే చోట పలచని ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తట్టాలి. గట్టిగా కొడితే ముక్కలవుతుంది. ఓపికపడితే పుస్తకంలా తెరుచుకుంటుంది. కిటికీ పక్క పిల్ల ఒకతె తట్టి తట్టి ఉలి తిప్పింది. రాయి రెండుగా విచ్చుకుంది. లోపల ఒక ఆకు, ఈనెలతో సహా, ఇప్పుడే రాలినట్టు ఉంది.

"అమ్మో! దీన్ని మొదటిసారి చూసింది నేనేనా మిస్?"

"నువ్వే. నీకంటే ముందు ఎవరూ చూడలేదు," అంది టెస్. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో వెలుగు చూస్తే లురీన్‌కి తన గుడ్డ సూర్యుణ్ణి అంటించే క్షణం గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు ఇబ్బందిగా కదిలింది.

పొడుగ్గా ఉన్న కుర్రాడొకడు చెయ్యెత్తాడు. "మిస్, మిస్ లురీన్ చెప్పింది ఒకటి, మీరు చెప్పేది ఇంకొకటి. ఇద్దర్లో ఎవరు అబద్ధమాడుతున్నారు?"

గదిలో సుత్తులన్నీ ఆగాయి. ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే ఆపుకున్నారు.

"మిస్ లురీన్ అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు," అంది టెస్. "నాకూ ఆవిడే చెప్పింది. అక్కడ విన్నది నా దగ్గర భద్రంగా ఉంది. ఈ గదిలో మన పని వేరు. రాయి ఏం చూపిస్తే అది రాయడం. ఇదిగో, ఈ పెద్ద రాయిలో ఉన్న చెట్టు మొదలు చూడండి. కింద మట్టిలోకి వేళ్లు పరుచుకుని ఉన్నాయి. ఎక్కణ్ణించో వరదలో కొట్టుకొచ్చిన చెట్టుకి ఇలా ఉంటాయా? చూసి, మీకేమనిపించిందో రాయండి. నాకోసం రాయకండి."

లురీన్‌కి ఆ మాటలు నచ్చలేదు. అయినా బెంచీ మీంచి వంగి ఆ వేళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

గంట కొట్టి పిల్లలు వెళ్లాక టెస్ వార్తాపత్రికలు మడుస్తూ అంది: "గురువారం మీరెటు ఓటేస్తారో నేనడగను మిస్ లురీన్. మీ నమ్మకం మీది. ఒక్కటే, ఆ గిన్నె నా చేతికి అందరి ముందూ ఇవ్వకుండా ఉండాల్సింది."

ఇప్పుడైనా చెప్పొచ్చు. లురీన్ నోరు తెరిచింది. జ్వరం అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే, అయితే ఓటెటు అనే ప్రశ్న వెనకాలే వస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు లేదు. "ఒంట్లో బాగాలేదమ్మా, వెళతాను," అని లేచి వచ్చేసింది.

ఇంటిదారిలోనే టెస్ ఇల్లు. పెళ్లి కాని పిల్ల, తల్లి పోయాక ఒక్కతే ఉంటోంది. మలుపు తిరుగుతుండగా వరండా కనిపించింది. లురీన్ బ్రేకు మీద కాలేసింది.

వరండా నిండా గిన్నెలు.

మెట్ల మీద, ఊగే బల్ల మీద, తలుపు వారగా, వరసగా పేర్చి ఉన్నాయి. గాజువి, పింగాణీవి, రేకువి. బండి దిగి దగ్గరికి వెళ్లింది. ఒకటెత్తి అడుగు చూసింది. టెస్ పేరు. ఇంకొకటెత్తింది. టేపు పసుపుపచ్చబడి అంచులు లేచిపోయాయి. దాని మీద టెస్ తల్లి చేతిరాత. ఎవరి ఇంటి అలమరాలోనో ఏళ్ల తరబడి మర్చిపోయిన గిన్నె. దాన్ని కూడా వెతికి, తోమి, తుడిచి తెచ్చిపెట్టారు. మూత తీసింది. ఖాళీ. పక్కదీ ఖాళీ. ఒక్క గిన్నెలోనూ రొట్టె తునకైనా లేదు. ఇక నీకూ మాకూ చెల్లు అని ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా చెప్పగలరని లురీన్ ఎప్పుడూ అనుకోలేదు. అందరికంటే ముందు చెప్పింది తనే.

వెనక ఇంజను చప్పుడు వినిపించింది. బొగ్గు లారీ ఒకటి నెమ్మదించింది. తోలుతున్నవాడు స్టీరింగు మీంచి వేలు ఒకటి లేపి పలకరించాడు. లురీన్ చేతిలో ఉన్న గిన్నె చూశాడు. మెచ్చుకోలుగా తల పంకించి వెళ్లిపోయాడు. చీకటిపడేలోగా ఊరంతా చెప్పుకుంటుంది, లురీన్ రెండో గిన్నె కూడా పెట్టొచ్చిందని.

బుధవారం సాయంత్రం ప్రార్థన కూటానికి లురీన్ తొందరగా వెళ్లి గోడవారగా కూర్చుంది. టెస్ వచ్చి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చోలేదు. ముందు బెంచీలోనూ కూర్చోలేదు, వెనక బెంచీలోనూ కూర్చోలేదు. ఎవరూ ఆమెను చూసి మొహం తిప్పుకోలేదు. లోపలికి వచ్చిన ప్రతివాళ్లూ నవ్వి, "బాగున్నావా టెస్" అని అడిగి, దూరంగా వెళ్లి కూర్చున్నారు.

ప్రార్థన విన్నపాలు ఎవరివైనా ఉంటే చెప్పమన్నాడు పాస్టరు బ్రదర్ డెన్వర్. ఒకావిడ తుంటి ఆపరేషన్ గురించి చెప్పింది. ఒకాయన ఉద్యోగం పోయిన కొడుకు గురించి చెప్పాడు. తర్వాత హోబర్ట్ భార్య లేచి నిలబడింది.

"మన టెస్ కోసం," అంది గొంతు వణుకుతుండగా. "ఆ బిడ్డ మనసు మెత్తబడాలని."

"ఆమెన్," అన్నారు చుట్టూ. టెస్ మెడ నిటారుగా ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇంకెవరైనా? పైకి చెప్పని కోరికలున్నవాళ్లు?"

ఇదొక ఏర్పాటు అక్కడ. మనసులో బరువుండి నలుగురిలో చెప్పలేనివాళ్లు చెయ్యెత్తి "చెప్పనిది" అంటే చాలు, ఎవరూ అడగరు, అందరూ ప్రార్థిస్తారు. ఒక చెయ్యి లేచింది. "చెప్పనిది." ఇంకొకటి. వరసగా, ఒకరి తర్వాత ఒకరు. "చెప్పనిది. చెప్పనిది." మామూలుగా రెండో మూడో లేస్తాయి. ఆ రోజు గదిలో సగం చేతులు లేచాయి. ఆ చేతులన్నీ ఒకే మనిషి వైపు చూపిస్తున్నట్టే ఉంది లురీన్‌కి. వాటిలో ఒకటో రెండో వేరేవి ఉండొచ్చు. తనలాగా జంకుతున్నవి. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

లేవాలి. లేచి గిన్నె సంగతి చెప్పేయాలి. మోకాళ్ల మీద చేతులు ఆనించి కాస్త లేచింది కూడా. బ్రదర్ డెన్వర్ ఆప్యాయంగా చూశాడు. "సిస్టర్ లురీన్?"

లురీన్ చెయ్యెత్తింది. "చెప్పనిది," అంది.

పక్కన కూర్చున్న వీటా ఆవిడ మోకాలు నిమిరింది. అప్పుడు అన్నిటికంటే ఆఖరున ఆ ఖాళీ బెంచీల మధ్యలోంచి టెస్ చెయ్యి లేచింది.

"చెప్పనిది," అంది టెస్.

ఎవరూ ఆమెన్ అనలేదు.

గురువారం బోర్డు సమావేశం స్కూలు భోజనశాలలో. కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ముందు వరసలో వీటా మంచి కోటు వేసుకుని కూర్చుంది. టెస్ వెనక తలుపు దగ్గర నిలబడింది. హోబర్ట్ ప్రార్థన చేసి, తీర్మానం చదివాడు. బోర్డు లాయరు లేచి, ప్రభుత్వ బడిలో మతపాఠం కోర్టుకి వెళితే నిలవడం కష్టమని ముక్తసరిగా చెప్పి కూర్చున్నాడు. ఎవరో వెనకనుంచి, "కోర్టు మన పిల్లల్ని కన్నదా?" అన్నారు. నవ్వులు లేచాయి. హోబర్ట్ చిన్న సుత్తితో బల్ల తట్టాడు.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

హోబర్ట్ చెయ్యెత్తాడు. పక్కనున్న డాక్టరు ఎత్తాడు. చివర కూర్చున్న ఇద్దరూ ఎత్తలేదు. వాళ్ల సంగతి ముందే తెలుసు గనక వాళ్ల వైపు ఎవరూ చూడలేదు. గదిలో కళ్లన్నీ లురీన్ చేతుల మీదే ఉన్నాయి. ఆ చేతులు బల్ల మీద ఆ రంగుల పుస్తకానికి రెండు పక్కలా పడుకుని ఉన్నాయి.

"సిస్టర్ లురీన్," అన్నాడు హోబర్ట్ మృదువుగా. "వినపడిందా?"

"వినపడింది. చెయ్యెత్తే ముందు ఒక మాట చెప్పాలి." లురీన్ లేవలేదు. కూర్చునే మాట్లాడింది. "ఆదివారం నేను టెస్ గిన్నె ఖాళీగా ఇచ్చాను. మీరంతా చూశారు. ఓటుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. జ్వరం తగ్గి అప్పుడే లేచాను, వంట చేయలేకపోయాను. మీరు దానికో అర్థం చెప్పుకున్నారు. నాకు తెలుస్తూనే ఉంది. నోరు మూసుకుని కూర్చున్నాను. నిన్న ప్రార్థనలో కూడా."

గది కొంచెం కదిలింది. "గిన్నె గోల ఇప్పుడెందుకు?" అన్నాడు డాక్టరు.

"ఎందుకా? వెళ్లి ఆ పిల్ల వరండా చూసి రండి. చచ్చిపోయిన తల్లి గిన్నె కూడా వదల్లేదు."

ఆ మాటకి చాలామంది నేల చూశారు. వీటా మాత్రం సూటిగా అక్కనే చూస్తోంది.

లురీన్ పుస్తకం తెరిచి ఆ ఫొటో దగ్గర పెట్టింది. "నేను ఆరు రోజులనే నమ్ముతాను. ఇవాళా నమ్ముతాను, నన్ను పూడ్చేదాకా నమ్ముతాను. వచ్చే ఆదివారం మీ పిల్లల్ని పంపండి, మళ్లీ చెబుతాను. కానీ హోబర్ట్, ఈ బొమ్మలో చెట్టు నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇది నోవహు జలప్రళయం రోజుల్లో వచ్చిందో, అంతకు ముందు వచ్చిందో నాకు తెలియదు. నీకూ తెలియదు. నువ్వు దీని కింద పనిచేశావు, నేను దీని వల్ల మొగుణ్ణి పోగొట్టుకున్నాను. అయినా మనకు తెలియదు. తెలియనిదాన్ని పట్టుకుని, ఇదే దేవుడి సాక్ష్యం అని పిల్లలకి చెప్పమని నేను చెయ్యెత్తలేను. అయినా ఆయన సంగతి మనం అయిదుగురం చేతులెత్తి తేల్చేదా? రేపు ఇంకో అయిదుగురు వచ్చి చేతులు దించితే ఆయన ఓడిపోయినట్టా?"

ఆవిడ ఆగింది.  చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

హోబర్ట్ ఆ ఫొటో వైపు చూశాడు. ఎత్తిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉందని అప్పుడు గుర్తొచ్చినట్టు దించి, "తీర్మానం వీగిపోయింది," అన్నాడు.

ఎవరూ కేకలేయలేదు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. తిట్టినవాళ్లతో పోట్లాడొచ్చు, మర్నాడు రాజీపడొచ్చు. జనం కుర్చీలు మడిచి గోడకి ఆనించి, కోట్లు వేసుకుని, ఒకరికొకరు గుడ్‌నైట్ చెప్పుకుంటూ వెళ్లిపోయారు. వీటా కోటు బొత్తాలన్నీ మెడ దాకా పెట్టుకుంది. అక్క ముందు నుంచే నడిచింది. "వీటా," అంది లురీన్. వీటా ఆగలేదు.

హోబర్ట్ వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. కోపంగా వేయలేదు. "నీ కోసం ప్రార్థిస్తాం సిస్టర్ లురీన్," అన్నాడు. ఆ చెయ్యి తీసేశాక కూడా భుజం మీద దాని బరువు అలాగే ఉంది.

గది ఖాళీ అయ్యాక టెస్ తలుపు దగ్గర నుంచి వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందేమోనని లురీన్ భయపడింది. టెస్ చెప్పలేదు.

"నిజంగా జ్వరం వల్లేనా?"

"జ్వరం వల్లే."

"నాకు మంగళవారమే చెప్పి ఉండొచ్చు మీరు."

"ఉండొచ్చు," అంది లురీన్.

టెస్ తలూపింది. మడవకుండా మిగిలిన కుర్చీని మడిచి గోడకి ఆనించి, దీపాలార్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. వీధిలో ఎవరి బండి దగ్గరికి వాళ్లు వెళ్లారు.

శుక్రవారం పొద్దున లోయంతా పొగమంచు పట్టింది. కాఫీ నీళ్లు పొయ్యి మీద పెట్టి, పేపరు కోసం లురీన్ ముందు తలుపు తీసింది. తలుపు దేనికో తగిలి గాజు శబ్దం చేసింది.

ఆవిడ ఒక్కసారిగా బయటికి రాలేదు. గడప మీదే నిలబడి, కళ్లు మంచుకి అలవాటు పడేదాకా చూసింది. మెట్ల మీద, వర్జిల్ కట్టిన బల్ల మీద, పూలకుండీల పక్కన గిన్నెలు. ఇన్ని గిన్నెలు ఇన్నిళ్లకి పంపానా అనుకుంది. పురుళ్లకి పంపినవి, చావులకి పంపినవి, గని మూతపడి కూలి దొరకని రోజుల్లో పంపినవి. హోబర్ట్ భార్యకి పంపిన రేకు పళ్లెం కూడా ఉంది. అన్నీ తళతళా తోమి ఉన్నాయి. అలవాటు కొద్దీ మొదటిదాని మూత ఎత్తి చూసింది. రెండోదాని మూతా ఎత్తింది. తర్వాత చూడటం మానేసింది.

ఆఖరి మెట్టు మీద అన్నిటికీ దూరంగా పసుపు పింగాణీ గిన్నె ఉంది. కోడిపుంజుల గిన్నె.

దాని అడుగున టేపు లేదు. ఉండక్కర్లేదు. అది భోజనంతో వెళ్లిన గిన్నె కాదు, తిరిగి రావాల్సిన గిన్నె కాదు. పెళ్లికిచ్చిన కానుక. లురీన్ మెట్లు దిగి, వంగి, దాన్ని రెండు చేతులా ఎత్తింది. లోపల ఇంకా తడి ఉంది. అడుగున ఒక నీటి బొట్టు అటూ ఇటూ కదిలింది. వీటా ఇప్పుడే కడిగి తెచ్చింది. కిటికీలో దీపం వెలగడం చూసి కూడా తలుపు తట్టకుండా వెళ్లిపోయింది.

"వీటా!" అని మంచులోకి కేకేసింది. ఎక్కడో దూరంగా బండి గేరు మారిన చప్పుడు వినిపించింది. అంతే.

లురీన్ మెట్టు మీద కూలబడి గిన్నె ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. పెద్దగా కాదు. లోపల కాఫీ నీళ్లు మరిగి పొంగి పొయ్యి మీద చుర్రుమనేదాకా ఏడ్చి, గౌను అంచుతో మొహం తుడుచుకుంది. అదే అంచుతో గిన్నె లోపలి తడి కూడా తుడిచింది.

వంటింట్లో ఆపిల్ పళ్ల బుట్ట బల్ల కింద ఉంది. కొన్ని మెత్తబడ్డాయి గానీ కాబ్లర్‌కి పనికొస్తాయి. మోకాళ్లు ఇంకా వణుకుతున్నాయని స్టూలు లాక్కుని కూర్చుని, కత్తి తీసుకుని ఒక్కో పండూ తొక్క తీసి, పసుపు గిన్నెలోకి తరగడం మొదలుపెట్టింది. టెస్‌కి ఆదివారం నుంచీ బాకీ ఉంది. స్కూలు గంట కొట్టేలోగా పట్టుకెళ్లాలి.